వీసా లాటరీకి విరామం, గడువుకు లేని విరామం

అమెరికా శాశ్వత నివాస హక్కును చీటీల పద్ధతిలో ప్రసాదించే వైవిధ్య వలస వీసా పథకాన్ని నిలిపివేస్తున్నట్లు 2025 డిసెంబర్ 18న ఆ దేశ అంతర్గత భద్రతా శాఖ మంత్రిగా ఉన్న క్రిస్టీ నోయెమ్ ప్రకటించారు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో జరిగిన కాల్పుల ఘటనలో అనుమానితుడైన పోర్చుగల్ జాతీయుడు 2017లో ఈ పథకం ద్వారానే శాశ్వత నివాసం పొందాడన్నది ఆ నిర్ణయానికి చూపిన కారణం. ఆ వెంటనే విదేశాంగ శాఖ కూడా ఈ తరగతి వీసాల జారీని ఆపింది. వాషింగ్టన్‌లో వెలువడిన ఈ ప్రకటనను దక్షిణాసియాలో అందరికన్నా ఆందోళనతో విన్నది నేపాల్. అక్కడ ఈ పథకాన్ని పూర్తి పేరుతో ఎవరూ పిలవరు. డీవీ అనే రెండక్షరాలే చాలు. తెలుగువారు లాటరీ తగిలిందని అన్నట్లు నేపాలీలు డీవీ పడిందని అంటారు.

2026 ఆర్థిక సంవత్సరానికి సంబంధించిన ఎంపిక ఫలితాలు 2025 మే నెలలోనే వెలువడ్డాయి. పేరు వచ్చినవారు ఇంటర్వ్యూ పిలుపు కోసం ఎదురుచూస్తున్న దశలో ఈ నిలుపుదల వచ్చింది. పరిపాలనా యంత్రాంగం తన పనికి విరామం ప్రకటించుకోగలదు. అయితే చట్టం విధించిన గడువుకు విరామం ఉండదు. 2026 సెప్టెంబర్ 30 అర్ధరాత్రి దాటితే ఆ సంవత్సరపు ఎంపికకు విలువ ఉండదు. వచ్చే ఏటికి బదిలీ కాదు, వరుసలో స్థానం మిగలదు. ఈ పథకాన్ని అర్థం చేసుకోవడానికి అదృష్టం కన్నా ముందు ఈ గడియారాన్ని అర్థం చేసుకోవలసి ఉంటుంది.

ఐరోపా కోసం తెరిచిన ద్వారం

1965 నాటి వలస చట్టం అమెరికా ప్రవేశానికి కుటుంబ సంబంధాన్ని, వృత్తి నైపుణ్యాన్ని ప్రధాన ప్రాతిపదికలుగా చేసింది. దాంతో ఆసియా, లాటిన్ అమెరికా దేశాల నుంచి వలసలు పెరగగా, తమను పిలిపించుకోగల దగ్గరి బంధువులు లేని ఐరోపా వాసులకు దారి సన్నగిల్లింది. 1980వ దశకంలో ఐర్లండ్ ఆర్థికంగా కుంగినప్పుడు అనేకమంది ఐరిష్ యువకులు సరైన పత్రాలు లేకుండానే బోస్టన్, న్యూయార్క్ నగరాల్లో తలదాచుకున్నారు. వారి పక్షాన ఐరిష్ మూలాలున్న ప్రజాప్రతినిధులు పట్టుబట్టారు. ఆ ఒత్తిడి ఫలితంగా 1986లో ఒక తాత్కాలిక పథకం, 1990 చట్టంలో శాశ్వత పథకం ఏర్పడ్డాయి. మధ్యకాలపు ఏర్పాటుగా కేటాయించిన 40,000 వీసాలలో 40 శాతం ఐర్లండ్‌కే ప్రత్యేకించడం ఆ చట్టం ఎవరిని దృష్టిలో ఉంచుకుని పుట్టిందో చెబుతుంది.

1990 నవంబర్ 29న అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యూ. బుష్ సంతకం చేసిన ఆ చట్టం ప్రకారం 1995 ఆర్థిక సంవత్సరం నుంచి ఏటా 55,000 వీసాలు ఈ విధానంలో ఇవ్వాలని నిర్ణయించారు. 1997లో మధ్య అమెరికా శరణార్థులకు సంబంధించిన చట్టం వచ్చాక అందులో 5,000 వరకు తగ్గించే వీలు ఏర్పడింది. అయితే అప్పటికి ఐర్లండ్ ఆర్థిక వ్యవస్థ కోలుకుంది. ఐరోపా కోసం తెరిచిన ద్వారంలో ఆఫ్రికా, మధ్య ఆసియా, నేపాల్ యువత అడుగుపెట్టింది. చట్టం రాసినవారు ఊహించని ఫలితం ఇది.

ఎంపిక వేరు, వీసా వేరు

ఈ పథకంలో తరచూ అపార్థానికి గురయ్యే అంశం ఎంపిక అనే మాట. 2025 సంవత్సరపు వీసాలకు దాదాపు 2 కోట్ల అర్హమైన దరఖాస్తులు అందాయి. కంప్యూటర్ వాటిలోంచి కుటుంబ సభ్యులతో కలిపి సుమారు 1,31,000 మందిని ఎంపిక చేసింది. ఇవ్వదగిన వీసాలు మాత్రం 55,000 లోపే. అంటే పేరు వచ్చినవారిలో సగానికి పైగా వీసా పొందే అవకాశం మొదటి నుంచీ లేదు. కొందరు అనర్హులవుతారు, కొందరు విరమించుకుంటారు అన్న అంచనాతో అమెరికా ప్రభుత్వం ఎక్కువ మందిని ఎంపిక చేస్తుంది. ఆ అంచనా ప్రభుత్వానికి సౌకర్యం. పేరు వచ్చిన కుటుంబానికి అనిశ్చితి.

ఎంపికైన ప్రతివారికీ ఒక వరుస సంఖ్య వస్తుంది. ఆసియా ఖండం వారి సంఖ్యలో ఏఎస్ అనే అక్షరాలుంటాయి. అమెరికా విదేశాంగ శాఖ ప్రతినెలా వెలువరించే వీసా బులెటిన్‌లో ఏ సంఖ్య వరకు ఇంటర్వ్యూలకు పిలుస్తారో ప్రకటిస్తారు. ఆసియాకు ఒక పరిమితి ఉంటే, దరఖాస్తులు అధికంగా వచ్చే ఇరాన్, నేపాల్ దేశాలకు విడిగా మరింత తక్కువ పరిమితి విధించడం ఇటీవలి సంవత్సరాల్లో కనిపిస్తుంది. ఏ ఒక్క దేశానికీ మొత్తం వీసాలలో 7 శాతానికి మించి ఇవ్వరాదన్న నిబంధన ఇందుకు మూలం. 55,000లో 7 శాతమంటే 3,850. ఆ హద్దుకు చేరువగా వెళ్లే దేశాల్లో నేపాల్ ఒకటి. కాబట్టి పెద్ద సంఖ్య వచ్చిన నేపాలీ దరఖాస్తుదారు ఆగస్టు, సెప్టెంబర్ నెలల దాకా బులెటిన్ చూస్తూ గడపక తప్పదు.

నిబంధనలు చూడటానికి సులభంగానే ఉంటాయి. ఉన్నత పాఠశాల విద్య పూర్తిచేసి ఉండాలి. లేదా గత ఐదేళ్లలో కనీసం రెండేళ్లు శిక్షణ అవసరమైన వృత్తిలో పనిచేసి ఉండాలి. ఒక వ్యక్తి ఒకే దరఖాస్తు పంపాలి. రెండు పంపితే రెండూ చెల్లవు. భార్య, భర్త విడివిడిగా దరఖాస్తు చేయవచ్చు. ఎవరి పేరు వచ్చినా ఇద్దరూ, 21 ఏళ్ల లోపు అవివాహిత సంతానమూ వెళ్లవచ్చు. దరఖాస్తులో జీవిత భాగస్వామి పేరునో, పిల్లల్లో ఒకరి పేరునో విడిచిపెడితే ఇంటర్వ్యూలో మొత్తం కుటుంబమే అనర్హమవుతుంది. చాలాకాలం ఉచితంగా సాగిన నమోదుకు 2025లో ఒక డాలరు రుసుమును నిర్ణయించారు. ఇంటర్వ్యూ దశలో ఒక్కొక్కరికి 330 డాలర్లు, వైద్య పరీక్షల ఖర్చు అదనం. వీసా నిరాకరించినా చెల్లించిన రుసుము తిరిగి రాదు.

ఎంపిక ఎంత బలహీనమైనదో 2011 మే నెలలో ప్రపంచం చూసింది. ఆ ఏడాది సుమారు 22,000 మందికి పేరు వచ్చినట్లు అధికారిక వెబ్‌సైట్‌లో కనిపించింది. కొద్ది రోజులకే ఆ ఫలితాలు రద్దయ్యాయి. కంప్యూటర్ లోపం వల్ల మొదటి రెండు రోజుల్లో దరఖాస్తు చేసినవారే అత్యధికంగా ఎంపికయ్యారనీ, ఎంపిక యాదృచ్ఛికంగా జరగలేదనీ అమెరికా ప్రభుత్వం వివరించింది. రద్దును సవాలు చేసినవారికి న్యాయస్థానంలో ఊరట దక్కలేదు.

నేపాల్ ఇళ్లలో ఒక రుతువు

ఏటా అక్టోబర్, నవంబర్ నెలల్లో దసై, తిహార్ పండుగలతో పాటు డీవీ నమోదు కూడా నేపాల్‌లో ఒక రుతువుగా మారింది. ఫొటోలు తీసేవారు, దరఖాస్తులు నింపిపెట్టే ఇంటర్నెట్ దుకాణాలు ఆ నెలల్లో తీరిక లేకుండా ఉంటాయి. మే నెలలో ఫలితాలు వస్తాయి. ఆ దేశ స్థూల జాతీయోత్పత్తిలో విదేశాల నుంచి వచ్చే సొమ్ము సుమారు నాలుగో వంతుకు సమానం. అందులో సింహభాగం గల్ఫ్ దేశాల్లో, మలేసియాలో, భారత్‌లో శ్రమించేవారు పంపేదే. అయితే గల్ఫ్ ఉద్యోగం ఒప్పందం ముగియగానే ముగుస్తుంది. అక్కడ కుటుంబానికి చోటు ఉండదు, స్థిరపడే హక్కు ఉండదు. డీవీ ఇచ్చేది కూలి కాదు, కాపురం. నేపాలీ యువత దృష్టిలో ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే ఆ చీటీకి అంత విలువ తెచ్చింది.

ఆ విలువకు మరో పార్శ్వం ఉంది. వెళ్లేవారిలో ఉపాధ్యాయులు, నర్సులు, ఇంజనీర్లు ఉంటున్నారు. పాలన యంత్రాంగంలో ఉంటూనే విదేశీ శాశ్వత నివాసం ఉంచుకునే ధోరణి పెరగడంతో, ప్రభుత్వోద్యోగులు అలాంటి హక్కు కలిగి ఉండరాదని నేపాల్ చట్టం చేయవలసి వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో ఖాట్మండు వీధుల్లోకి వచ్చి ప్రభుత్వాన్ని దింపివేసిన యువతరం ఆగ్రహంలో ఉపాధి లేమి ఒక ముఖ్య కారణం. దేశం విడిచి వెళ్లడం తప్ప మరో మార్గం లేదన్న నిస్పృహ, దేశాన్ని మార్చాలన్న పట్టుదల ఒకే తరంలో పక్కపక్కనే కనిపించాయి.

డీవీ చుట్టూ కాగితపు పెళ్లిళ్ల సమస్య కూడా పెరిగింది. పేరు వచ్చిన తరువాత వివాహం చేసుకుని జీవిత భాగస్వామిని చేర్చుకోవడానికి నిబంధనలు అనుమతిస్తాయి. ఈ వెసులుబాటును ఆసరాగా చేసుకుని, పేరు వచ్చినవారికి డబ్బు చెల్లించి పెళ్లి పేరుతో అమెరికా చేరాలనుకునేవారు బయలుదేరారు. దాంతో కొత్తగా పెళ్లయిన ప్రతి జంటనూ వీసా అధికారులు అనుమానంతో ప్రశ్నించే పరిస్థితి ఏర్పడింది. పెళ్లి బూటకమని తేలితే వీసా పోవడమే కాదు, అమెరికా ప్రవేశానికి శాశ్వత నిషేధం పడవచ్చు. నిజమైన దంపతులు కూడా తమ కాపురానికి సాక్ష్యాలు మూటగట్టుకుని తీసుకువెళ్లవలసి వస్తోంది.

న్యాయస్థానాలు ఎంతవరకు

పథకానికి అడ్డుకట్ట పడటం ఇది మొదటిసారి కాదు. కోవిడ్ సమయంలో, 2020 ఏప్రిల్‌లో, అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ అనేక తరగతుల వలస వీసాలను నిలిపివేశారు. ఆ ఏడాది పేరు వచ్చినవారు కోర్టుకు వెళ్లగా, ఫెడరల్ జిల్లా న్యాయమూర్తి అమిత్ మెహతా గడువు ముగిసేలోగా వీసాల పరిశీలన చేపట్టాలని సెప్టెంబర్‌లో ఆదేశించారు. మిగిలిపోయిన వీసాలలో 9,095 సంఖ్యలను గడువు దాటాక కూడా ఇవ్వడానికి వీలుగా పక్కన పెట్టించారు. ఆ తీర్పు వేలాది కుటుంబాలకు ఆశ కల్పించింది. కానీ 2024 జూన్‌లో వాషింగ్టన్ అప్పీళ్ల న్యాయస్థానం ఆ ఆశను తుంచివేసింది. ఆర్థిక సంవత్సరం ముగిశాక వీసా ఇవ్వాలని ఆదేశించే అధికారం న్యాయస్థానాలకు లేదని, గడువును విధించింది కాంగ్రెస్ కాబట్టి సడలించగలిగేదీ కాంగ్రెస్సేనని స్పష్టం చేసింది.

ఈ తీర్పు వెలుగులో చూస్తే ప్రస్తుత విరామం తీవ్రత అర్థమవుతుంది. పథకాన్ని సృష్టించింది చట్టసభ. దాన్ని రద్దు చేసే అధికారం అధ్యక్షునికి లేదు. అయితే రద్దు అవసరం లేకుండానే, వీసాల జారీని కొన్ని నెలలు ఆపితే చాలు, ఒక సంవత్సరపు ఎంపిక అంతా దానంతట అదే చెల్లకుండా పోతుంది. ఆ తరువాత వ్యాజ్యం గెలిచినా చేతికి వచ్చేది ఏమీ ఉండకపోవచ్చు. ఏటా అక్టోబర్‌లో మొదలు కావలసిన కొత్త నమోదు కూడా 2025లో ఆ సమయానికి మొదలు కాలేదు. ఇప్పటికే పూర్తి ప్రవేశ నిషేధం అమలవుతున్న అఫ్గానిస్థాన్ వాసులకు 2025 జూన్ నుంచే ఈ ద్వారం మూసుకుపోయింది.

భారత్ ఎందుకు లేదు

ఈ పథకంలో భారతీయులకు చోటు లేదు. గడచిన ఐదేళ్లలో కుటుంబ, ఉద్యోగ తరగతుల్లో 50,000 మందికి పైగా వలసదారులను పంపిన దేశాల్లో పుట్టినవారు అనర్హులని చట్టం చెబుతుంది. ఆ లెక్కన భారత్, పాకిస్థాన్, చైనా, ఫిలిప్పీన్స్ వంటి దేశాలు జాబితాకు బయటే ఉన్నాయి. ఒకప్పుడు పెద్ద సంఖ్యలో పాల్గొన్న బంగ్లాదేశ్ 2013 సంవత్సరపు వీసాల నుంచి ఆ హద్దు దాటి అనర్హమైంది. దక్షిణాసియాలో మిగిలినవి నేపాల్, శ్రీలంక, భూటాన్, మాల్దీవులు, అఫ్గానిస్థాన్.

భారతీయులు నిలబడే వరుస వేరు. అమెరికా ఏటా ఇచ్చే ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డులు సుమారు 1,40,000. అక్కడా దేశానికి 7 శాతం హద్దు ఉంది. కోట్లాది జనాభా గల భారత్‌కూ, కొన్ని లక్షల జనాభా గల దేశానికీ ఒకే వాటా. ఆ కారణంగా కుటుంబ సభ్యులతో కలిపి 10 లక్షలకు పైగా భారతీయులు వేచి ఉన్నారని అంచనా. 2025 చివరి నాటి వీసా బులెటిన్ ప్రకారం ఉన్నత విద్యార్హతల తరగతిలో 2013లో వరుసలో చేరిన భారతీయుల వంతు నడుస్తోంది. ఈ నిరీక్షణలో పెద్ద సంఖ్యలో తెలుగువారున్నారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం నుంచి వెళ్లి హెచ్1బీ వీసాపై డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఇల్లు కొనుక్కున్న కుటుంబాలకు కూడా ఆ దేశంలో స్థిర హక్కు లేదు. పసివయసులో తల్లిదండ్రుల వెంట వెళ్లిన పిల్లలు 21 ఏళ్లు నిండగానే వారి దరఖాస్తు నుంచి వేరుపడే ప్రమాదం ఉంది.

హెచ్1బీ సైతం చీటీల విధానమే. ఏటా 65,000, అమెరికాలో పైచదువులు పూర్తిచేసినవారికి మరో 20,000. ఆస్ట్రేలియా 2024లో భారతీయుల కోసం మొదలుపెట్టిన 1,000 మంది వర్క్ అండ్ హాలిడే వీసాలకు, 3,000 మంది యువ వృత్తి నిపుణుల పథకానికి కూడా చీటీలే తీస్తున్నారు. బ్రిటన్ యువ వృత్తి నిపుణుల పథకమూ అంతే. అంటే భారతీయులకు లాటరీలు లేకపోలేదు. అవన్నీ కొంతకాలం ఉండి రావడానికి ఇచ్చే చీటీలు. స్థిరపడే హక్కు ఇచ్చే చీటీ మాత్రం లేదు.

పాస్‌పోర్టు కాదు, పుట్టినచోటు

డీవీలో గానీ, ఉద్యోగ ఆధారిత వరుసలో గానీ లెక్కలోకి వచ్చేది పౌరసత్వం కాదు, జన్మస్థలం. కెనడా పౌరసత్వం తీసుకున్నా గుంటూరులో పుట్టినవారు భారత్ వాటాలోనే ఉంటారు. ఈ నియమం గల్ఫ్‌తో సంబంధమున్న తెలుగు కుటుంబాల్లో విచిత్రమైన ఫలితాలకు దారితీస్తుంది. కడప, కోనసీమ ప్రాంతాల నుంచి కువైట్‌కు, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి దుబాయ్‌కి దశాబ్దాలుగా వలసలు సాగుతున్నాయి. వీరిలో కుటుంబాన్ని వెంట ఉంచుకోగలిగినవారు కొద్దిమందే. అలాంటి ఒక ఇంట్లో తొలి కాన్పు ఆచారం ప్రకారం పుట్టింట్లో జరిగి, రెండవ కాన్పు కువైట్ ఆసుపత్రిలో జరిగితే, అన్నదమ్ములిద్దరికీ ఒకే పాస్‌పోర్టు, ఒకే చదువు ఉన్నా, అమెరికా చట్టం దృష్టిలో ఇద్దరూ రెండు దేశాల వారు. తమ్ముడు కువైట్ వాటాలో డీవీకి అర్హుడు. ఉద్యోగ ఆధారిత వరుసలోనూ భారతీయుల నిరీక్షణ అతనికి ఉండదు. అన్నకు మొదటిది లేదు, రెండవది పదేళ్లకు పైమాట.

వివాహం ద్వారా కూడా ఈ లెక్క మారుతుంది. అర్హమైన దేశంలో పుట్టిన జీవిత భాగస్వామి ఉంటే, ఇద్దరూ కలిసి వెళ్లే షరతుపై భారత్‌లో పుట్టినవారు ఆ దేశపు వాటాను వాడుకోవచ్చు. ఈ రెండు సందర్భాలూ కొద్దిమందికే వర్తిస్తాయి. భారత్‌లో పుట్టి, జీవిత భాగస్వామి కూడా భారత్‌లోనే పుట్టినవారికి డీవీ ఇప్పిస్తామని ఎవరు చెప్పినా అది మోసమే. ఎంపికైనట్లు అమెరికా ప్రభుత్వం ఎవరికీ ఈమెయిల్ పంపదు, ముందుగా డబ్బు బదిలీ చేయమని కోరదు. దరఖాస్తుదారు తన నమోదు సంఖ్యతో అధికారిక వెబ్‌సైట్‌లో స్వయంగా చూసుకోవడం ఒక్కటే మార్గం. ఆ సంఖ్యను దళారి చేతిలో ఉంచినవారు పేరు వచ్చిన తరువాత దానికోసం బేరమాడుకోవలసి వచ్చే ప్రమాదం ఉంది.

మిగిలే ప్రశ్న

పథకాన్ని రద్దు చేయాలన్న వాదన ఒక పక్షానిదే కాదు. 2013లో సెనేట్ ఆమోదించిన సమగ్ర వలస బిల్లు కూడా నైపుణ్య ప్రాతిపదిక తెచ్చి డీవీని తొలగించాలని ప్రతిపాదించింది. ప్రతినిధుల సభలో ఆ బిల్లు ముందుకు సాగలేదు. 2017 అక్టోబర్‌లో న్యూయార్క్‌లో ట్రక్కుతో దాడి చేసిన వ్యక్తి ఇదే పథకంలో వచ్చాడని తేలినప్పుడు రద్దు డిమాండు మళ్లీ వినిపించింది. పేరు చీటీలో వచ్చినా, ఆ తరువాత పోలీసు ధ్రువపత్రాలు, వైద్య పరీక్షలు, భద్రతా తనిఖీలు ఇతర వలసదారులతో సమానంగానే ఉంటాయని సమర్థకులు చెబుతారు. అమెరికా ఏటా ఇచ్చే సుమారు 10 లక్షల గ్రీన్ కార్డులలో ఇవి 5 శాతం మాత్రమే. బంధువులు గానీ, పెద్ద కంపెనీల అండ గానీ లేని సామాన్యునికి ఉన్న ఏకైక దారి ఇదేనన్నది వారి వాదన. ఒకరిద్దరి నేరానికి మూడు దశాబ్దాలలో వచ్చిన లక్షలాది మందిని బాధ్యులను చేయడం సమంజసమా అన్న ప్రశ్నకు సమాధానం రావలసి ఉంది.

ఏ దేశానికైనా తన గడపలోకి ఎవరిని రానివ్వాలో నిర్ణయించుకునే హక్కు ఉంది. ఆ హక్కుతో పాటు, పిలిచినవారికి మాట నిలుపుకునే బాధ్యత కూడా ఉంటుంది. 2026 ఎంపికలో పేరు వచ్చినవారు నియమాలు పాటించినవారు. పత్రాలు సమకూర్చుకుని పిలుపు కోసం నిలబడినవారు. విరామం సెప్టెంబర్ 30 లోగా తొలగకపోతే వారు కోల్పోయేది అదృష్టాన్ని కాదు, చట్టం ఇచ్చిన అవకాశాన్ని. పథకాన్ని కొనసాగించాలో వద్దో అమెరికా చట్టసభ తేల్చుకోవచ్చు. ఇప్పటికే పిలుపు అందుకున్నవారికి గడువు పొడిగించే అధికారం కూడా ఆ సభ చేతిలోనే ఉంది.

దక్షిణాసియా ప్రభుత్వాలకు ఇందులో వేరొక పాఠం ఉంది. పరాయి దేశపు చీటీపై ఒక తరం తన భవిష్యత్తును ఆధారం చేసుకుంటే, ఆ చీటీ ఆగిన రోజున ఆ తరానికి చూపవలసిన దారి స్వదేశంలోనే ఉండాలి. ఖాట్మండులోనైనా, హైదరాబాద్‌లోనైనా ఆ దారిని వేయవలసింది ఆయా ప్రభుత్వాలే.